మా కారుకి వెనక కళ్ళు

మా తోడల్లుడి పెళ్ళి ఫొటోలో నా కుడిచెవి ఒక్కటే ఉంది. పెద్దల్లుణ్ణి నేను. ఆ ఫొటోగ్రాఫరుకి అడిగినప్పుడల్లా కాఫీ పంపించినవాణ్ణి. ఆ ఫొటో కలకత్తా భవానీపూర్‌లో వాళ్ళ హాల్లో, సోఫాకి ఎదురుగా, ఇప్పటికీ వేలాడుతోంది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ముందు నా చెవిని చూసుకుని ఆ తర్వాతే కూర్చుంటాను. ఇలాంటివి నాకు చాలా గుర్తున్నాయి. అయితే ఇప్పుడు చెప్పేది కారు సంగతి.

తోడల్లుడంటే నా భార్య చెల్లెలి భర్త. బ్యాంకు ఆఫీసరు. విజయవాడ నుంచి బదిలీ మీద కలకత్తా వచ్చాడు. మాది అలా వచ్చి వెళ్ళే కుటుంబం కాదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి కలకత్తా పక్క సంత్రాగాఛి యార్డులో దిగాడు. నేను ఆ రైల్వే క్వార్టర్లలోనే పుట్టి, ఆ రైల్వేలోనే గుమాస్తానయ్యాను. తోడల్లుడు వచ్చిన కొత్తల్లో ఊరంతా తిప్పి చూపించింది నేనే, నా కారులోనే. చూడటం పూర్తయ్యాక ఆయనా ఒక కారు కొన్నాడు. ఏ కారు? నా కారే. అదే కంపెనీ, అదే పేరు, అదే తెలుపు. కాకపోతే కొత్తగా వచ్చిన రకం. నా కారు డ్యాష్‌బోర్డు మధ్యలో మీటలున్న రేడియో ఉంటే, ఆయన కారులో అదే చోట ఒక పెద్ద తెర. పాటలు, ఫోను, దారి చెప్పే మ్యాపు అన్నీ అందులోనే. రివర్సు గేరు వేస్తే కారు వెనక ఏముందో కూడా బొమ్మ కట్టి చూపిస్తుంది.

పోయినేడు మా అత్తగారు పలాస నుంచి రైలు దిగినప్పుడు రెండు కార్లూ సంత్రాగాఛి స్టేషనుకి వెళ్ళాయి. పద్ధతి ప్రకారం ఆవిడ ముందు పెద్ద కూతురి కారు, అంటే నా కారు, ఎక్కారు. నేను వెనక్కి తీశాను. వెనకాల టీ కొట్టువాడి బెంచీ ఉంది. తగిలింది. తగిలింది అంతే, బెంచీకి ఏమీ కాలేదు. కానీ తోడల్లుడు తన కారు దిగి మరీ వచ్చాడు.

"అన్నయ్యగారూ, మీ కారుకి వెనక కళ్ళు లేవండీ. దీన్ని ఇంక మ్యూజియానికి ఇచ్చేయండి. అత్తయ్యగారూ, మీరు ఇటొచ్చేయండి."

అందరూ నవ్వారు. టీ కొట్టువాడు కూడా నవ్వాడు, ఇన్నేళ్ళుగా వాడి టీ తాగుతున్నది నేను. అత్తగారు సంచీ పట్టుకుని దిగి ఆ కారెక్కేశారు. అక్కడితో అయిపోలేదు. వాళ్ళు ముందు, మేము వెనక. సంత్రాగాఛి నుంచి భవానీపూర్ దాకా ఆవిడ వెనక సీట్లో మెడ తిప్పుకుని అద్దంలోంచి నా కారునే చూస్తూ కూర్చున్నారు. ఎక్కడ ఆగిపోతుందా అని. దారి పొడుగునా ఆ ముఖం నాకు ఎదురుగానే ఉంది. అది కూడా దాచుకున్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ మొదలుపెట్టింది.

"ఏటండీ, మరిది అన్నదాంట్లో తప్పేటుంది? ఈ బండి ఎవరికైనా ఇచ్చీసి ఇంకోటి కొనుక్కుందాం. కొనీవాడు కూడా ఉన్నాడట, మరిది ఆఫీసులోనే."

"అంటే మనిషిని కూడా వెతికిపెట్టాడన్నమాట. నా కారు ఎక్కడికీ వెళ్ళదు."

మా ఆవిడకి నా సంగతి తెలుసు. వాదిస్తే నేను గెలవకపోయినా ఆపను. అందుకని ఒక షరతు పెట్టింది. "అయితే ఇనండి. వచ్చే ఏడు అమ్మ వచ్చినప్పుడు తనంతట తాను మన బండెక్కి, మధ్యలో దిగకుండా భవానీపూర్ దాకా వస్తే బండి మనదే. లేదు, మళ్ళీ మరిది బండెక్కిందంటే తాళాలు ఆ కొనీవాడికి ఇచ్చీడమే. మీరు బతిమాలకూడదు. నాను సెప్పకూడదు."

నేను ఒప్పుకున్నాను. ఆ క్షణమే నాకు కావలసింది ఏమిటో కూడా తెలిసిపోయింది. ఆ తెరే కావాలి.

కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్ళాను. టై కట్టుకున్న ఒకతను ఫోనులోంచి తల ఎత్తకుండా, "మీ మోడల్‌కి అది రాదు అంకుల్" అన్నాడు. అంకుల్ అనడం ఒకటి, తల ఎత్తకపోవడం ఒకటి. వేరువేరుగా గుర్తుపెట్టుకున్నాను. ఆఫీసులో అందరూ బజార్లో దొరికే తెర ఏదో ఒకటి పెట్టించుకోమన్నారు, ఇంకా పెద్దవి ఉన్నాయన్నారు. వాళ్ళకి అర్థం కాలేదు. తోడల్లుడి తెర కంటే పెద్దది పెడితే కుళ్ళుకున్నానంటాడు. చిన్నది పెడితే లేనివాణ్ణంటాడు. అచ్చంగా అదే కంపెనీ తెర పెడితే ఏమీ అనలేడు.

చివరికి ఖిదిర్‌పూర్ రేవు దగ్గర ఒక సందులో షెడ్డున్న మిస్త్రీ, అంటే కారు మెకానిక్కు, దొరికాడు. బెంగాలీవాడే, కానీ రేవులో పనిచేసే మన వాళ్ళ క్వార్టర్ల పక్కన పెరిగినవాడు కాబట్టి శ్రీకాకుళం తెలుగు నాకంటే ధాటీగా మాట్లాడతాడు. కాదు, రాదు, కుదరదు అనే మాటలు మాత్రం ఏ భాషలోనూ నేర్చుకోలేదు. అదే అతనిలో గొప్పా, అదే ప్రమాదమూ.

"కొత్త బండి తెర పాత బండికా? ఐపోతాది దాదా" అన్నాడు. వెనక నుంచి లారీ గుద్దిన ఒక కొత్తరకం కారు ఎక్కడో చూశాడట, ముందు భాగం మీద గీత కూడా పడలేదట. దాని తెర ఊడదీసి తెచ్చాడు. తీరా చూస్తే తెర వెనక ప్లగ్గు ఒక రకం, నా కారు వైర్ల ప్లగ్గు ఇంకో రకం. "ఐపోతాది" అని రెండింటి మధ్యా ఒక వైర్ల జడ అల్లాడు. డ్యాష్‌బోర్డులో కన్నం చిన్నది. "ఐపోతాది" అని లోపల అరగదీశాడు. తెర చుట్టూ బిగించే ఫ్రేము నల్లగా వచ్చింది, నా డ్యాష్‌బోర్డు బిస్కెట్టు రంగు. నేను వెనక్కి పంపించాను. మళ్ళీ నల్లదే వచ్చింది. మళ్ళీ పంపించాను. "దాదా, నలుపు మీద ఏటి కోపం?" అని చివరికి రంగు వేయించి తెచ్చాడు. అక్కడే ఆలస్యం జరిగింది. దానికి ఫ్రేము పంపినవాణ్ణి అనాలి గానీ నన్ను కాదు.

ఇంక మిగిలింది ఫ్రేము బిగించడం, వెనక డిక్కీ దగ్గర కెమేరా వైరు కలపడం. విశ్వకర్మ పూజ మర్నాడు వచ్చి బండి తీసుకెళ్ళమన్నాడు. అత్తగారి రైలు దానికీ తర్వాతి రోజు. కంగారేమీ లేదు.

పూజ రోజు పొద్దున్నే మరదలి ఫోను. పలాసలో పక్కింటివాళ్ళెవరో కలకత్తా వస్తున్నారని, తోడు దొరికిందని, అత్తగారు ముందే రైలెక్కేశారు. మధ్యాహ్నం దిగుతున్నారు.

మా ఆవిడని వెంటబెట్టుకుని ఖిదిర్‌పూర్ పరిగెత్తాను. విశ్వకర్మ పూజ అంటే కలకత్తాలో ప్రతి షెడ్డులో, ప్రతి రిక్షా స్టాండులో ఒక విగ్రహం, పక్కనే చెవులు చిల్లులుపడే పాటలు, ఆకాశం నిండా గాలిపటాలు. ఆ రోజు పనిముట్టు ముట్టుకోరు. మిస్త్రీ పానాలూ సుత్తులూ కటింగ్ ప్లేయర్లూ అన్నీ విగ్రహం కాళ్ళ దగ్గర బొట్లు పెట్టించుకుని పడుకుని ఉన్నాయి. నా కారు బానెట్టుకి బంతిపూల దండ వేసి ఉంది. లోపల మాత్రం తెర పక్కకి వాలిపోయి, ఫ్రేము సీట్లో పడి ఉంది. మిస్త్రీ కొత్త చొక్కా తొడుక్కుని ఖిచుడీ తింటున్నాడు.

"రండి దాదా, రండి బౌదీ" అన్నాడు. బెంగాలీలో దాదా అంటే అన్న, బౌదీ అంటే వదిన. "కూకోండి, ఆకులెయ్యమంటాను."

"ఖిచుడీ తర్వాత. మా అత్తగారు ఇవాళే దిగుతున్నారు. బండి కావాలి."

"టాక్సీలో తెండి. ఇయ్యాల పానా ముట్టుకుంటే ఏడాదంతా సెయ్యి తెగుతాది."

ఏడాది పాటు పడ్డ శ్రమంతా నా కళ్ళముందే కొట్టుకుపోయింది. టై కట్టుకున్నతను, టీ కొట్టువాడు, కొనేవాడు అందరూ వరసగా నిలబడి నవ్వుతున్నట్టు కనిపించారు. అప్పుడు తట్టింది.

"ఆయుధపూజ మీకు ఇవాళ. మాకు దసరాకి. నా డ్యాష్‌బోర్డు అరలో నా స్క్రూడ్రైవరు ఉంది. అది తెలుగుది. దానికి ఇవాళ పనిదినమే."

మిస్త్రీ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగి విగ్రహం వైపు చూశాడు. విగ్రహం అభ్యంతరం చెప్పలేదు. "అదీ నిజమే. తెలుగు స్క్రూడ్రైవరుని ఇయ్యాల ఎవుడూ ఏటీ అనడు. కానీ దాదా, నాను సెయ్యి పెట్టను. నోరు పెడతాను."

"నోరు పనిముట్టు కాదేటి?" అంది మా ఆవిడ.

"నాకున్న వాటిలో అదే పెద్దది బౌదీ. కానీ దాన్ని పూజలో పెట్టనేదు."

ఫ్రేము నేనే బిగించాను, బిగించగలనని నాకెప్పుడూ సందేహం లేదు. తర్వాత డిక్కీ. వెనక లైటు బుడ్డి విప్పితే లోపల వైర్లు చాలా ఉన్నాయి. కెమేరా వైరుని వాటిలో ఒకదానికి కలపాలి. మిస్త్రీ చేతినిండా ఖిచుడీ, అందుకని గడ్డంతో చూపించాడు. "అదిగో, అదే." గడ్డం చూపిన వైరే పట్టుకున్నాను. కటింగ్ ప్లేయరు పూజలో ఉంది కాబట్టి మా ఆవిడ సంచీలోని గోళ్ళు తీసే కట్టరుతో తొడుగు ఒలిచాను. టేపు కూడా పూజలోనే ఉంది. దెబ్బలకి వేసే అంటుపట్టీలు చుట్టాను. మా ఆవిడ "పాపం, నొప్పెడతందేమో, ఊదండి" అంది.

మబ్బు పట్టి షెడ్డు చీకటిగా ఉందని కారు లైట్లు వేసే ఉంచాను. స్టార్టు చేసి రివర్సు గేరు వేశాను. తెర వెలిగింది! విగ్రహం, దీపాలు, ఆకు పట్టుకున్న మిస్త్రీ, ఆ ఆకునే చూస్తున్న కుక్క, అందరూ ఉన్నారు అందులో. సరిగ్గా అప్పుడే మేడల మీద జనం ఒక్కసారిగా "భో కాట్టా!" అని అరిచారు. ఎవరి గాలిపటమో తెగింది. నేను కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాను.

"అది మీక్కాదండీ" అంది మా ఆవిడ.

సంత్రాగాఛి చేరేసరికి మబ్బు విడిపోయి ఎండ కాసింది. లైట్లు ఆపేశాను. టీ కొట్టువాడు నన్ను చూడగానే బెంచీ ఎత్తి లోపల పెట్టుకున్నాడు. అదీ చూశాను. అత్తగారు జీడిపప్పు సంచీతో బయటికొచ్చారు. తోడల్లుడూ మరదలూ అప్పటికే వచ్చి ఉన్నారు. తోడల్లుడు నా కారులోకి తల పెట్టి అలాగే ఉండిపోయాడు. ఆ ముఖం చూడటానికి నేను ఇంకో ఏడాదైనా ఆగేవాణ్ణి.

"అరె! అన్నయ్యగారూ, ఇది మా తెరే!"

"మీది కాదు. నాది."

"పనిచేస్తుందాండీ?"

నేను దర్జాగా ఎక్కి రివర్సు గేరు వేశాను. తెర మీద రేడియో నంబరు ఉంది. తీసి మళ్ళీ వేశాను. రేడియో నంబరే ఉంది. ఇంకొంచెం గట్టిగా వేశాను.

"కళ్ళు పెట్టించారు గానీ రెప్పలు తెరిపించలేదన్నమాట" అన్నాడు తోడల్లుడు. నవ్వులు మొదలయ్యాయి. జీడిపప్పు సంచీ అప్పటికే ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది. "రండి అత్తయ్యగారూ, మనం వెళదాం."

అత్తగారు నా కారు వెనకగా ఆయన కారు వైపు నడుస్తున్నారు. బతిమాలకూడదు. మా ఆవిడ వెనక సీట్లో కింది పెదవి పళ్ళతో పట్టుకుని కిందికి చూస్తోంది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. నా కారు పోయింది.

కలకత్తా వానకి చెప్పి రావడం అలవాటు లేదు. బొట్లు బొట్లుగా మొదలై చూస్తుండగానే కుమ్మేసింది, ఊరంతా నల్లబడింది. అలవాటు కొద్దీ వైపరు వేశాను, లైట్లు వేశాను.

తెర వెలిగింది. అందులో మా అత్తగారు తల మీద కొంగు కప్పుకుని నిలబడి ఉన్నారు.

"అమ్మా! నువ్వు టీవీలో పడ్డావే!" అని కేకపెట్టింది మా ఆవిడ. షరతు తనే పెట్టిందని గుర్తున్నట్టు లేదు.

అత్తగారు గబగబా వచ్చి ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. "ఏదీ, నాను ఏదీ?"

"నువ్వు ఇక్కడుంటే అక్కడెలా ఉంటావమ్మా?"

"ఓలమ్మ, అదీ నిజమే." కిటికీ కొంచెం దించి చిన్నల్లుణ్ణి పిలిచారు. "బాబూ, నువ్వెళ్ళి ఆ వెనకాల నిలబడు నాయనా. సూస్తాను."

పెద్దావిడ మాట. తోడల్లుడు వెళ్ళి వానలో నా కారు వెనక నిలబడ్డాడు. తెర మీద ఎర్రగీతలూ పచ్చగీతలూ ఆయన చొక్కా మీద నుంచి వెళ్తున్నాయి. "సెయ్యి ఊపమను" అన్నారు అత్తగారు. మా ఆవిడ ఇటు కిటికీలోంచి అరిచి చెప్పింది. ఊపాడు. "రెండోది." రెండోదీ ఊపాడు. నేను రెప్ప వేయలేదు.

"ఇది మా కారులోనూ ఉందండీ అత్తయ్యగారూ!" అని వానలోంచి అరిచాడు.

వెనకాల ఆటోవాడు హారను కొడుతుంటే నేను కారు ముందుకి తీశాను. బొమ్మ పోలేదు. అత్తగారు కళ్ళు పెద్దవి చేశారు. "ముందుకెల్తన్నా కనబడతన్నాదే! సిన్నల్లుడి బండిలో అలా రాదు గదా బాబూ!" అన్నారు. ఆ మాట వినడానికి తోడల్లుడు దగ్గరలో లేడు, తడిసి తన కారులోకి పరిగెత్తాడు. తర్వాత నేనే చెప్పాను.

రోడ్డెక్కాం. వాళ్ళ కారు వెనకే వచ్చి తెరలో చేరింది. అత్తగారు దాన్నే చూస్తూ వెనక్కి వాలి కూర్చున్నారు.

"అదిగో సిన్నది వస్తన్నాది. హమ్మయ్య. పోయినేడు మెడ పట్టీసింది బాబూ, నెల్లాళ్ళు తైలం రాసుకున్నాను. ఆ బండిలో కూకున్నానన్నమాటే గాని, పెద్దది వెనకాల వస్తన్నాదా నేదా అని మెడ తిప్పడం, సూడ్డం. ఏ బండెక్కినా ఇదే గదా నా బతుకు. ఒకర్తె పక్కనుంటే ఒకర్తె కనబడదు."

అద్దంలో మా ఆవిడ కళ్ళు కనిపించాయి. నేను దారి చూశాను. ఏడాదిగా దాచుకున్న ఆ ఒక్కదాన్నీ వరసలోంచి తీసేశాను. మిగతావి అలాగే ఉన్నాయి.

హుగ్లీ మీద పెద్ద వంతెన ఎక్కేసరికి వాన ఆగి మళ్ళీ ఎండ కాసింది. ఎదురుగా వచ్చేవాళ్ళు నా లైట్లు చూసి సైగలు చేస్తున్నారు. లైట్లు ఆపాను. తెరలో మరదలి కారు మాయమై రేడియో నంబరు వచ్చింది.

"ఏటైనాది? సిన్నది ఏదీ? ఆపు బాబూ, ఆపు, దిగి సూస్తాను!"

దిగితే షరతు పోతుంది. గబుక్కున లైట్లు వేశాను. మరదలు తిరిగొచ్చింది. అప్పుడు అర్థమైంది. మిస్త్రీ గడ్డం చూపించినది రివర్సు దీపం వైరు కాదు, మామూలు వెనక దీపం వైరు. లైట్లు వేస్తే కళ్ళు తెరుస్తుంది, ఆపితే మూసుకుంటుంది. రివర్సు గేరుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

ఇంక ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో, గాలిపటాల కింద, లైట్లన్నీ వెలిగించుకుని పెళ్ళివారి బండిలా వంతెన దాటాం. సైగ చేసిన ప్రతివాడికీ నేను చెయ్యెత్తి దండం పెట్టాను. ఇంతలో తెరలోంచి ఒక ఆడగొంతు లేచింది. పాత యజమాని ఇంటి దారి ఇంకా దాంట్లోనే ఉండిపోయినట్టుంది, వెనక్కి తిరగండి, వెనక్కి తిరగండి అని ఒకటే పోరు. అత్తగారు జాలిపడి, "తిరగం తల్లీ, భోజనాలకి ఆలీసెమైపోనాది" అని దానికి జవాబు చెబుతూ వచ్చారు. నాకు నవ్వాగక కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఆవిడ దిగింది భవానీపూర్‌లోనే.

భోజనాల దగ్గర తోడల్లుడు తల తుడుచుకుంటూ అన్నాడు, "అన్నయ్యగారూ, మీ మిస్త్రీ వైరు తప్పు కలిపాడండీ. ముందుకెళ్ళేటప్పుడు కెమేరా రాకూడదు."

"మీ దాంట్లో రాదు గదా" అన్నాను, గోడ మీది ఫొటోలో నా చెవి వైపు చూస్తూ.

"నువ్వూ అలాగే ఎట్టించుకో బాబూ" అన్నారు అత్తగారు. "నీ బండెక్కినప్పుడు పెద్దదాన్ని సూసుకోవాలి గదా."

తోడల్లుడు పప్పు కలుపుతూ ఆ మిస్త్రీ షెడ్డు ఎక్కడని అడిగాడు. ముందు కంపెనీ సర్వీసు సెంటరులో కనుక్కోమన్నాను. మీ మోడల్‌కి వస్తుందేమో.

తర్వాత మిస్త్రీ ఫోను చేశాడు. తప్పు తన గడ్డానిది కాదట, నా చూపుదట. అయినా సరిచేస్తానన్నాడు. అతను చెప్పిన రోజు దసరా. ఆ రోజు మా ఇంట్లో ఆయుధపూజ, స్క్రూ ముట్టుకోకూడదని చెప్పాను. మరో రోజు చెప్పమన్నాడు. చెప్పలేదు.

దసరా రోజు తెలుగు స్క్రూడ్రైవరుకి బొట్టు పెట్టి, కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తెరకి కూడా కుంకం అద్దాను. భవానీపూర్ వాళ్ళూ వచ్చారు. ఫొటో తీద్దామన్నారు. నేను అందర్నీ కారు వెనక వరసగా నిలబెట్టి, లోపల కూర్చుని లైట్లు వేశాను. మధ్యలో అత్తగారు, అటొక కూతురు, ఇటొక కూతురు, ముగ్గురూ తెర నిండా ఉన్నారు. ఆ చివర తోడల్లుడు.

"నేను పడ్డానా అన్నయ్యగారూ? ఇటు జరగనా?"

"వద్దొద్దు. అక్కడే ఉండండి, బాగా పడ్డారు" అని అరిచి, తెరని ఫోనుతో ఫొటో తీశాను.

అది ఇప్పుడు మా హాల్లో, కుర్చీలకి ఎదురుగా ఉంది. తోడల్లుడు వచ్చినప్పుడల్లా దాని ముందు కాసేపు నిలబడతాడు. ఎడమచెవి. చాలా స్పష్టంగా వచ్చింది.